చేసినవాడి పేరు

బహ్సా సందులోని గియాస్ కొట్టుకి ఆ వారమంతా ఒకేలాంటి మనుషులు వచ్చారు. పగిలిన ఫోన్లు, మూలన పడ్డ కంప్యూటర్లు మోసుకొచ్చి, "ఇందులో మావాడి ఫోటో ఒకటుండాలి, తీసిపెట్టు నాయనా" అని అడిగేవారు. ప్రభుత్వం కూలి ఆరు రోజులైంది. డమాస్కస్‌లో జైళ్ళన్నీ బార్లా తెరిచారు. ఫోటోలు గుండెలకి కరుచుకుని ఊరు ఊరంతా ఒక జైలు నుంచి ఇంకో జైలుకి పరుగులు తీస్తోంది. ఇక భయం లేదని వీధిలో పిల్లలు పాటలు కట్టి పాడుతున్నారు. గియాస్‌కి మాత్రం భయం పోలేదు. ఎందుకు పోలేదో అతనికి తెలుసు, చచ్చిపోయిన వాళ్ళ నాన్నకి తెలుసు. మూడోవాడికి తెలియదు.

కరెంటు మధ్యాహ్నం రెండింటికి వచ్చి గంటలో పోతుంది. ఆ రోజు రెండు కావడానికి పది నిమిషాల ముందు ఒకావిడ లోపలికొచ్చింది. నల్ల కోటు నిండా సున్నం దుమ్ము. రెండు చేతులకీ గుడ్డపేలికలు చుట్టుకుంది. గియాస్ తలెత్తి చూశాడు. ఆవిడ సుహైర్, చిన్ననాటి స్నేహితుడు నవార్ వాళ్ళ అక్క. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఎదురొస్తే చాలు, ఇతను రోడ్డుకి అవతలి పక్కకి మారిపోతున్నాడు.

"గుర్తుపట్టావా, గుర్తుపట్టనట్టు నటిస్తావా?" అంది ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"అదేం మాట సుహైరక్కా. టీ తాగుతావా?"

"టీ తర్వాత. ముందిది చూడు." కోటు జేబులోంచి తీసి ఆవిడ బల్ల మీద పెట్టింది ఒక ఫ్లాపీ. అరచేతిలో ఇమిడే నల్లటి బిళ్ళ. ఈ కాలం పిల్లలకి చూపిస్తే ఏమిటిది అంటారు. గియాస్ అడగలేదు. దాని మూలన ఎర్ర గోళ్ళరంగుతో పెట్టిన చుక్క అతను పెట్టిందే. అలాంటి చుక్క పెట్టి ముగ్గురు స్నేహితులకి మూడు ఇచ్చాడు. రెండు తిరిగొచ్చాయి. మూడోది ఇదే.

"మా అమ్మ పోయినేడు పోయింది కదా. మొన్న ఆవిడ గోధుమరవ్వ డబ్బా ఖాళీ చేస్తుంటే అడుగున గుడ్డలో చుట్టి కనిపించింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచింది మహాతల్లి. మా పక్కింటి కుర్రాడు ఎలాగో తెరిచాడు. ఏదో ఉత్తరంలాంటిది ఉంది, చదివి వినిపించాడు. ఆట మాత్రం వాడి కంప్యూటర్లో నడవలేదు. నువ్వు నవార్ స్నేహితుడివి. నీకు తెలిసే ఉంటుంది."

"నాకేం తెలుసక్కా! నాకేం తెలియదు," అన్నాడు గియాస్ గబగబా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆవిడ వింతగా చూసింది. "ఆట ఎలా నడుస్తుందో తెలుసు కదా అంటున్నాను."

ఆ ఉత్తరంలో తన పేరుంది. అదీ గియాస్ భయం. పదిహేనేళ్ళప్పుడు మేనమామ కువైట్ నుంచి పంపిన కంప్యూటర్లో అతనూ నవారూ ఆడిన ఆట అది. చేతిలో మంత్రదండం, ముందు రాతికోట, కాగడాల వెలుగు, గోడల వెనక గుర్రుమంటూ రాకాసులు. ఎదురొచ్చినదాన్నల్లా కాల్చుకుంటూ పోవాలి. పెట్టె మీది ఇంగ్లీషు పేరు పలకడం రాక అందరూ "మాంత్రికుడి ఆట" అనేవారు. ఆ ఆటకి సొంతంగా కోటలు కట్టుకునే పనిముట్టు కూడా ఉండేది. కోటలు కట్టేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. ముందు గళ్ళకాగితం మీద గీయాలి. బయలుదేరే చోట సున్నా, రహస్యపు తలుపు దగ్గర ఇంటూ, కింది మూలన చేసినవాడి పేరు. కోటతో పాటు ఒక చిన్న ఉత్తరం జతచేసి, అందులోనూ చేసినవాడి పేరు గొప్పగా రాసుకోవాలి.

ఆ ఊళ్ళో ఒక భవనం ఉండేది. ఇప్పటికీ ఉంది. దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. అక్కడికి పట్టుకుపోయిన మనిషిని "పిన్నిగారింటికి వెళ్ళాడు" అనేవారు. ఏ పిన్ని అని పసిపిల్లలు కూడా అడగరు. గియాస్ వాళ్ళ నాన్న గదుల్ని వెచ్చబరిచే డీజిల్ పొయ్యిల మేస్త్రీ. చలికాలానికి ముందు ఆ భవనంలో పొయ్యిలూ పొగగొట్టాలూ మసి దులిపే పని ఆయనది. లోపలేం చూశాడో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఒక్క ఏడాది మాత్రం సాయం మనిషి దొరక్క కొడుకుని వెంట తీసుకెళ్ళాడు. చూపు నేల మీదే ఉంచమన్నాడు. పదిహేనేళ్ళ కుర్రాడు నేల చూస్తాడా? అంతా చూశాడు. చూసింది చూసినట్టు కోట కట్టాడు. కాపలావాళ్ళు కూర్చున్న చోటల్లా రాకాసుల్ని పెట్టాడు. బుద్ధి లేకపోతే సరి!

నెల తర్వాత రొట్టెలు పట్టుకుని ఇంట్లోకొచ్చిన నాన్న తెర మీద ఆ భవనం నడవా చూశాడు. రొట్టెలు చేతిలోంచి జారిపోయాయి. ఆయన కొడుకుని కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. "ఎవరెవరికిచ్చావు? సాయంత్రంలోగా అన్నీ నా చేతిలో ఉండాలి." రెండొచ్చాయి. నవార్ మాత్రం "ఎక్కడో పోయిందిరా" అన్నాడు. ఎనిమిదో రోజున నవార్‌ని పిన్నిగారింటికి తీసుకెళ్ళారు. "నోరు విప్పావో, మన ఇంట్లో దీపం పెట్టేవాడు మిగలడు" అన్నాడు నాన్న. గియాస్ నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి తలుపు ఎవరు తట్టినా, పాలవాడు తట్టినా, అతని గుండె గొంతులోకి వచ్చేది. పెళ్ళయ్యాక కూడా అంతే.

కరెంటు వచ్చింది. గియాస్ అటక మీంచి పాత డబ్బా కంప్యూటరు దింపి, దుమ్ము ఊది, ఫ్లాపీ లోపలికి తోశాడు. అది గరగరమని అరిచింది. చదవకపోతే బాగుండు దేవుడా అనుకున్నాడు. చదివింది.

ముందు ఉత్తరం తెరిచాడు.

"కోట పేరు: పిన్నిగారిల్లు. ఇది నిజంగా ఉన్నదే, కళ్ళారా చూశాను. నేలమాళిగలో ఒక రహస్యపు తలుపుంది. మగాడివైతే కనుక్కో."

అన్నీ తను రాసిన మాటలే. దాని కింది వరస చదవడానికి ధైర్యం చాల్లేదు. ఒక క్షణం కళ్ళు మూసుకుని తెరిచాడు.

"చేసినవాడు: నవార్ షమ్మాత్."

మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా అదే పేరు. ఉత్తరం దిద్దిన తేదీ తను ఫ్లాపీలు తిరిగి అడగడానికి ముందురోజుది. నవార్‌కి తిన్నగా గీత గీయడం రాదు. ఆటలో పులి, కోట కట్టమంటే పిల్లి. ఎవరి దగ్గరో గొప్పలు పోవడానికి స్నేహితుడి పేరు చెరిపి తన పేరు పెట్టుకున్నాడన్నమాట, వెధవ! ఆ గొప్పలు వినకూడని చెవిన పడ్డాయి. ఇరవై ఆరేళ్ళుగా ఎవరూ వచ్చి తన తలుపు ఎందుకు తట్టలేదో గియాస్‌కి అప్పుడు తెలిసింది. తెలిసిన మరుక్షణం అతనికి కలిగింది ఊరట. సిగ్గుచేటే, కానీ అదే కలిగింది. పక్కన కూర్చున్న మనిషి ముఖం చూశాక ఆ ఊరట కాస్తా నిలవలేదు.

"చూశావా మావాడి తెలివి!" అంటోంది సుహైర్. "పదిహేనేళ్ళకే ఎంత పని చేశాడో. ఆ ఉత్తరం విన్నప్పటి నుంచి ఆ పిన్నిగారింట్లోనే ఉన్నాను. మూడు రోజులు. నేలమాళిగలో కనిపించిన గోడనల్లా కొడుతున్నాం. ఇవాళ మగవాళ్ళు విసిగిపోయి, ఏమీ లేదమ్మా ఇంటికి పో అన్నారు. ఏ గోడో తెలియకుండా కొడితే ఏముంటుంది! నువ్వు చూపించు. ఏ గోడో, ఎలా తెరుచుకుంటుందో."

"అక్కా, అది ఆట..."

"చూపించమన్నానా లేదా?"

గియాస్ ఆట మొదలుపెట్టాడు. తెర మీద కాగడా వెలిగింది. ఇన్నేళ్ళయినా వేళ్ళకి దారి గుర్తుంది. మెట్లు దిగి, ఎడమకి తిరిగి, పొడుగు నడవాలోకి వెళ్ళాడు. ఎక్కడో గోడ వెనక రాకాసి గుర్రుమంది. తను పెట్టిన రాకాసే, అది ఏ మలుపులో ఉందో తనకి తెలుసు. చిన్నప్పుడు దానికి భయపడలేదు. ఇప్పుడు ప్రతి తలుపు దగ్గరా చెయ్యి ఆగిపోతోంది. ఇక్కడ మీసాలాయన కూర్చునేవాడు, ఇక్కడ చెప్పుల కుప్ప ఉండేది, ఇక్కడ నాన్న తన మెడ వంచి నేలకేసి చూపించాడు.

"అయ్యో, అచ్చం అలాగే ఉంది," అంది సుహైర్ గొంతు తగ్గించి. ఎవరైనా వింటారేమోనన్నట్టు వెనక్కి తిరిగి వీధి చూసింది. "ఆ మలుపూ అదే. ఆ గూడూ అదే."

నేలమాళిగ చివర గోడ వచ్చింది. గియాస్ దాని ముందు నిలబడి మీట నొక్కాడు. రాయి గరగరమని పైకి లేచింది. లోపల చిన్న గది, మధ్యలో మండుతున్న పొయ్యి, పక్కన ప్రాణం నింపే మందు సీసాలు.

సుహైర్ లేచి నిలబడిపోయింది. "ఆ గోడే! దాన్ని ఒక్క మూరే తవ్వి వదిలేశాం. లోపల పొయ్యి కూడా ఉంది చూడు. మావాడు వెచ్చగా ఉంటాడు. మీట ఎక్కడుంది? ఎలా నొక్కావు?"

"మీటా గీటా ఏమీ ఉండదక్కా. ప్రతి కోటకీ ఒక రహస్యపు తలుపు పెట్టడం ఆనవాయితీ. నిజం కాకపోవచ్చు."

"కళ్ళారా చూశానని రాశాడు కదా! మావాడు అల్లరివాడే గానీ అబద్ధాలకోరు కాదు." ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుంటోంది. గుడ్డపేలికల్లోంచి రక్తం ఊరి, బొత్తాల మీద మరకలు పడ్డాయి. "ఎవరూ రాకపోతే నేనే తవ్వుతాను. ఈ చేతులు పోతే పోనీ. గోడ అవతలికి చేరేదాకా అక్కణ్ణుంచి కదలను."

ఆ గోడ అవతల మట్టి తప్ప ఏమీ లేదు. ఆ సంగతి గియాస్‌కి తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఈవిడ బతుకంతా మట్టి తవ్వుకుంటూ ఉంటుంది. నోరు విప్పితే, తమ్ముడు ఎవరికి బదులు పోయాడో తెలుసుకుంటుంది. ఆ తర్వాత ఆవిడ ముఖంలోకి తను చూడగలడా? తేలుకుట్టిన దొంగలా ఇన్నేళ్ళు గడిపాడు. ఇంకొన్నేళ్ళు గడపలేకపోడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళింది.

"అక్కా, ఆగు. ఆ కోట నవార్ కట్టలేదు."

ఆవిడ తిరిగి చూసింది.

"నేను కట్టాను. మా నాన్నతో పొయ్యిలు దులపడానికి లోపలికెళ్ళింది నేను. నవార్ ఎప్పుడూ లోపలికి పోలేదు. ఆ కింద ఉండాల్సిన పేరు నాది. వాడు చెరిపి తన పేరు పెట్టుకున్నాడు. ఆ సంగతి నాకిప్పుడే తెలిసింది, ఒట్టు. కానీ వాణ్ణి తీసుకెళ్ళింది ఆ కోట కోసమేనని ఆనాడే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను."

ఆగితే మళ్ళీ నోరు పెగలదని గియాస్ చెప్పుకుంటూ పోయాడు.

"తలుపు ఆ గోడకి లేదక్కా. ఆ ఆటలో గది మీద గది కట్టడం కుదరదు. ఒకదాని కింద ఇంకోటి పెట్టాలంటే ఒప్పుకోదు. అందుకని పక్కకి జరిపి గోడకి పెట్టాను. నిజం తలుపు నేలకుంది. నేలమాళిగలో కాపలావాళ్ళు టీ కాచుకునే గది ఉంది చూడు, అక్కడి పొయ్యి కింద. మసి దులపడానికి మేం పొయ్యి ఎత్తాం. కింద పరిచిన రేకు జరిగింది. రేకు కింద ఇనపమూత, దానికో కడియం. కాపలావాడు బూతులు తిడుతూ వచ్చాడు. నాన్న గబుక్కున రేకు కప్పేశాడు. ఈలోగా నేను పట్టుకున్న గొట్టంలో చప్పుడైంది. టక్, టక్, టక్. ఆగి, మళ్ళీ మూడు. ఏంటి నాన్నా అంటే, వేడికి గొట్టం సాగుతోందిరా అన్నాడు. పొయ్యి ఆర్పి అప్పటికి రెండు రోజులైంది. గొట్టం మంచులా ఉంది."

కరెంటు పోయింది. తెర మీది పొయ్యి, సీసాలు, రాతిగది ఒక్కసారిగా ఆరిపోయాయి. మసక వెలుతురులో ఆవిడ ఊపిరి వినబడుతోంది. కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"వాణ్ణి కొట్టే ఉంటారు కదా," అంది సుహైర్. "ఎవరు కట్టారు, ఎవరు చూపించారు అని కొట్టే ఉంటారు. నేను కాదు, గియాస్ కట్టాడు అంటే సరిపోయేది. ఒక్క ముక్క."

"అవునక్కా."

"దొంగిలించిన పేరు తిరిగి ఇవ్వలేదన్నమాట, దొంగవెధవ." ఆవిడ గుమ్మం దిగింది. "నిన్నేం చెయ్యాలో తర్వాత చూస్తాను. ముందు నడు. దారి తెలిసినవాడివి నువ్వే కదా."

ఆ భవనం ఉన్న వీధిలో గియాస్ ఇరవై ఆరేళ్ళుగా కాలు పెట్టలేదు. గేటు దగ్గర కాపలా లేదు. గాలికి కాగితాలు ఎగురుతున్నాయి. పట్టపగలే అయినా అతను గోడ పట్టుకుని మెట్లు దిగాడు. ఎడమకి తిరిగేటప్పుడు తెలియకుండానే ఆగి, చెవులు రిక్కించాడు. గుర్రుమనేది ఏదీ లేదు. గోడ దగ్గర ఆవిడ తవ్విన మట్టికుప్ప కనిపించింది.

టీ గదిలో పొయ్యి అక్కడే ఉంది. దాని మీద కాలిన దస్తావేజుల గుట్ట. ఇద్దరూ కలిసి కాగితాలు తోసి, గొట్టం ఊడబెరికి, పొయ్యి పక్కకి ఈడ్చారు. రేకు తుప్పుపట్టి నేలకి అతుక్కుపోయింది. గియాస్ స్క్రూడ్రైవరుతో పెకలించాడు. ఇనపమూత, కడియం.

సుహైర్ మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలితో మూడుసార్లు తట్టింది. చెవి మూతకి ఆనించింది. మళ్ళీ తట్టింది. ఆవిడ వింటున్నంతసేపూ గియాస్‌కి చప్పుడు వస్తుందేమోనని భయం. రాదేమోనని అంతకంటే భయం. రాలేదు.

మూత లేచింది. చల్లటి పాతగాలి ముఖానికి కొట్టింది. ఫోన్ లైటు పట్టుకుని ముందు గియాస్ దిగాడు, వెనకే ఆవిడ. చేతులు చాపితే రెండు గోడలూ తగిలే గది. నేల మీద చివికిన కంబళి, తుప్పుపట్టిన గిన్నె. మనిషి లేడు. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ లేరని దుమ్మే చెబుతోంది. సుహైర్ గిన్నె చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, మెల్లిగా మళ్ళీ అక్కడే పెట్టింది.

లైటు గోడ మీద పడింది. మేకుతోనో, గిన్నె అంచుతోనో సున్నం మీద గీసిన గీతలు. పిచ్చిగీతల్లా ఉన్నాయి. ఒక్కటీ తిన్నగా లేదు. గియాస్ దగ్గరికెళ్ళి చూశాడు.

"కోట," అన్నాడు. "అక్కా, ఇది కోట. ఇదిగో, బయలుదేరే చోట సున్నా. ఈ గదే అది. ఇదిగో, రహస్యపు తలుపుకి ఇంటూ. దాంట్లోంచి బయటికి దారి పెట్టాడు. ఆ తర్వాత నాకు తెలియడం లేదు. ఏవో మెట్లు, ఏదో వాకిలి. ఇది నేను గీసిందీ కాదు, ఆటలో ఉన్నదీ కాదు."

సుహైర్ అతని చేతిలోంచి లైటు లాక్కుంది. వేలు పెట్టి గీత వెంట నడిపించింది. "ఏడు మెట్లు," అంది. "రెండోది సగం విరిగింది. ఇది మా ఇల్లు. ఇది వాకిట్లో నారింజ చెట్టు. ఇది మా అమ్మ కుట్టుమిషను కిటికీ." వేలు ఒకచోట ఆగింది. "ఇక్కడ సున్నా లేదు, ఇంటూ లేదు. ఈ గుర్తేంటి?"

గియాస్ చూశాడు. "ఆట అయిపోయే చోటక్కా. అక్కడికి చేరితే గెలిచినట్టు."

"అది వాడు పక్కేసుకునే చోటు," అంది ఆవిడ. వంగి, గీతల చివరిదాకా లైటు పట్టి వెతికింది. "పేరేది? కింద చేసినవాడి పేరుండాలన్నావుగా?"

కింది మూల ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళలో ఎవరి పేరూ అక్కడ పడలేదు. గియాస్‌కి కన్నీళ్ళాగలేదు. సుహైర్ అతని జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి అతని చేతిలోనే పెట్టింది.

"రాయి."

"ఎవరి పేరక్కా?"

"ఎవరి పేరంటావేంటి? వాడిదే. ఇది మాత్రం వాడే కట్టాడు."